చర్చిలో చిన్నా పెద్దా కలిసి చేతులతో చేసుకునే నాలుగు పనులు

 

యూత్ మీటింగులకి వెళ్లినప్పుడు నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మా సంఘంలో చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ కలిసి కూర్చుని చేసే ప్రోగ్రామ్ పెట్టాలనుంది. ఏం చేయించాలి? సామాన్లు ఎక్కడ కొనాలి?" అని. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే. నాలుగు పనులు చెప్తాను. నాలుగూ మా సంఘంలో చేసి చూసినవే. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కానీ దానికి ముందు నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. అది చెప్పకుండా ఈ నాలుగూ చెప్తే మీరు కూడా అదే తప్పు చేస్తారు.

మాది కోనసీమలో ఒక పల్లెటూరు. చిన్న సంఘం. ఆదివారం 60, 70 మంది వస్తాం. మూడేళ్ల కిందట క్రిస్మస్ ముందు, ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, మన దగ్గర కూడా ఒక క్రాఫ్ట్ సాయంత్రం పెడదామని నేనే పట్టుబట్టాను. టౌన్‌కి వెళ్లి థర్మాకోల్ షీట్లు, గ్లిట్టర్, రంగుల ఫోమ్ షీట్లు, స్టిక్కర్లు, ఒక గ్లూ గన్ కొన్నాను. మొత్తం 3,800 రూపాయలు. అది యూత్ వాళ్లు నెలల తరబడి కూడబెట్టిన డబ్బు.

ఏం జరిగిందో చెప్పనా? గ్లూ గన్ ఒక్కటే ఉంది, అది నా చేతిలో ఉంది. పిల్లలు లైన్‌లో నిలబడి విసిగిపోయారు. నా వయసు అబ్బాయిలు బయట బండ్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకున్నారు. పెద్దవాళ్లంతా గోడ పక్కన కుర్చీల్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. పాస్టర్ గారు వచ్చి, "పెద్దవాళ్లకి కూడా ఏదైనా ఇవ్వు బాబూ" అన్నారు. నా దగ్గర సండే స్కూల్ కోసం జిరాక్స్ తీయించిన గొర్రెపిల్ల బొమ్మలు ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక బొమ్మ, ఒక క్రేయాన్ పంచాను. రంగు వేయమన్నాను.

ఆ వరసలో మా అమ్మమ్మ కూడా ఉంది. ఆవిడకి డెబ్బై దాటాయి. చదువు రాదు. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పిల్లలకి ఇవ్వరా, నాకెందుకు" అంది. నేను నవ్వేసి ముందుకెళ్లిపోయాను. కాసేపటికి చూస్తే కుర్చీ ఖాళీ. కాగితం నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంది, ఎగిరిపోకుండా దాని మీద క్రేయాన్ పెట్టి ఉంది.

రాత్రి ఇంటికెళ్లి అడిగితే నడుం నొప్పి అంది. నేను నమ్మేశాను. జనవరిలో రెండోసారి పెట్టాం. అమ్మమ్మ రాలేదు. ఆవిడ ఈడు వాళ్లు ఒక్కరు కూడా రాలేదు. అప్పటికీ నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్లకి ఇలాంటివి ఇంట్రెస్ట్ ఉండదులే అనుకున్నాను.

అర్థమైంది ఎప్పుడంటే, మట్టల ఆదివారం ముందు రోజు. ఆ ఏడాది కొబ్బరాకుతో చిన్న చిన్న సిలువలు చేసి అందరికీ ఇద్దామనుకున్నాం. వంద కావాలి. శనివారం సాయంత్రం ఏడైంది. నేను మా అరుగు మీద కూర్చుని వీడియో పెట్టుకుని మడుస్తున్నాను. ఆకు మడిచిన చోటల్లా చిరిగిపోతోంది. అప్పటికి నాలుగో ఐదో అయ్యాయి, అవి కూడా సిలువల్లా లేవు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. చూసి చూసి, "ఎండిపోయిన ఆకు ఎక్కడైనా మడత పడుతుందా? ముందు తడిగుడ్డలో చుట్టు" అంది.

ఆవిడ చిన్నప్పుడు పాకలకీ పందిళ్లకీ కొబ్బరాకు అల్లేదట. ఆ సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు. ఒకే ఇంట్లో ఉంటాం, తెలియదు! కింద కూర్చుని ఒక ఈనె పక్కకి తీసి, ఆకు చీల్చి, నేను వీడియో పాజ్ చేసేలోపు ఒక సిలువ చేసి నా చేతిలో పెట్టింది. వీధిలో ఆడుకునే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చుట్టూ చేరారు. తొమ్మిదిన్నరకి 110 సిలువలు లెక్క తేలాయి. మర్నాడు పాస్టర్ గారు ఎవరు చేశారో చర్చిలో చెప్పినప్పుడు అమ్మమ్మ తల దించుకుని కొంగు సర్దుకుంది. ఆ తర్వాత ప్రోగ్రామ్‌కి ఆవిడే ముందొచ్చింది.

అప్పుడు తెలిసింది నా తప్పేంటో. అన్ని వయసులవాళ్లు కలిసే ప్రోగ్రామ్ అని పేరు పెట్టి, పిల్లల పని తీసుకొచ్చి పెద్దవాళ్ల చేతుల్లో పెట్టాను. అందరూ ఒకే గదిలో కూర్చుంటే కలిసినట్టు కాదు. ఒకరి చేయి లేకపోతే ఇంకొకరి పని ఆగిపోవాలి. అప్పుడే కలిసినట్టు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లాండ్‌లో పోర్ట్స్‌మత్ దగ్గర ఒక ఆంగ్లికన్ సంఘం 2004లో "మెస్సీ చర్చ్" అని ఒకటి మొదలుపెట్టింది. అంటే, చేతులకి మట్టీ రంగూ అంటినా పర్వాలేదు అనే చర్చి అనుకోండి. వాళ్ల పద్ధతి సింపుల్. ముందు ఒక బైబిల్ కథకి సంబంధించిన పనులు చేస్తారు, తర్వాత చిన్న ఆరాధన, తర్వాత అందరూ కలిసి భోజనం. అది పిల్లల్ని వదిలేసి వెళ్లే చోటు కాదు. పెద్దవాళ్లు పిల్లలతోనే ఉండాలి. అదే దాని ప్రాణం. తర్వాత అది చాలా దేశాలకి పాకింది.

ఇంకా వెనక్కి వెళ్తే బైబిల్లోనే ఉంది. నిర్గమకాండంలో ప్రత్యక్షపు గుడారం కట్టేటప్పుడు దేవుడు బెసలేలు అనే మనిషిని పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడు. ఎందుకు? ప్రసంగం చేయడానికి కాదు. బంగారం, వెండి, రాయి, చెక్క పనులు చేయడానికి. అదే పుస్తకం 35వ అధ్యాయంలో ఆడవాళ్లు తమ చేతులతో నూలు వడికి తెచ్చారని కూడా ఉంటుంది. అంటే చేతిపని కూడా దేవుడిచ్చిన వరమే అన్నమాట. మన మెదక్ చర్చి చూడండి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. దాని కిటికీ అద్దాల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం రంగుల్లో కనిపిస్తాయి. అక్షరం రానివాళ్లు కూడా ఎండ పడగానే కథ చదువుకోగలరు.

సరే, ఇక నాలుగు పనులు.

మొదటిది, మట్టల సిలువ. యోహాను సువార్త 12వ అధ్యాయంలో యేసు యెరూషలేముకి వచ్చినప్పుడు జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఎదురెళ్తారు. మన దగ్గర కొబ్బరాకో తాటాకో ఈతాకో ఏది దొరికితే అది. ముందు రోజు సాయంత్రమే కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. కోసేటప్పుడు పక్క మట్ట నుంచే తీసుకోండి, నడినెత్తిన మొవ్వ జోలికి వెళ్లొద్దు. కొబ్బరికైనా తాటికైనా ఎదిగేది ఆ ఒక్క చోటే. అది పోతే చెట్టు పోయినట్టే.

చేయడం ఎలాగంటే, ఆకుని వేలెడు వెడల్పు చీలికలుగా చీల్చి ఈనె తీసేయండి. ఒకటి జానెడు పొడవు, ఇంకొకటి దానిలో సగం కంటే కొంచెం ఎక్కువ. చిన్నపిల్లలకి సులువైన పద్ధతి: పొడుగు ముక్కలో పైనుంచి మూడో వంతు దగ్గర నిలువుగా చిన్న గాటు పెట్టి, పొట్టి ముక్కని అందులోంచి అడ్డంగా దూర్చడమే. ఆకు నార నిలువుగా ఉంటుంది కాబట్టి గాటు సూటిగా వస్తుంది. ఆ గాటు మాత్రం పెద్దవాళ్లే పెట్టాలి. కొంచెం పెద్ద పిల్లలైతే రెండు ముక్కల్నీ అడ్డంగా పెట్టి, సన్నటి మూడో చీలికతో కూడలి మీద ఏటవాలుగా కట్టాలి. కుడి పైనుంచి ఎడమ కిందికి ఒక చుట్టు, ఎడమ పైనుంచి కుడి కిందికి ఒక చుట్టు. మళ్లీ ఇంకోసారి అలాగే. చివరని వెనక చుట్టు కింద దూర్చి గట్టిగా లాగితే ముడి అక్కర్లేదు. జిగురూ అక్కర్లేదు.

రెండోది, రాళ్ల గుట్ట. దీనికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు. యెహోషువ 4వ అధ్యాయం చదవండి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక, నది మధ్య నుంచి 12 రాళ్లు, గోత్రానికి ఒకటి చొప్పున తెచ్చి గిల్గాలులో నిలబెడతారు. ఎందుకంటే రేపు పిల్లలు ఈ రాళ్లేంటని అడుగుతారు. అడిగినప్పుడు పెద్దవాళ్లు చెప్పాలి. అదీ సంగతి. అంటే పిల్లలు ప్రశ్న అడిగేలా చేయడమే ఆ గుట్ట పని.

మేం ఏం చేశామంటే, ఇంటికొక రాయి తెచ్చుకోమన్నాం. కడిగి ఆరబెట్టి, దేవుడు తమ ఇంటిని కాపాడిన ఒక సంగతికి గుర్తుగా రాయి మీద ఒక్క మాటో, ఒక అంకెో, ఒక బొమ్మో వేయమన్నాం. రాయడం రానివాళ్లు మనవల చేత రాయించుకున్నారు. అన్నీ గుట్టగా పేర్చాం. తర్వాత పిల్లలు ఒక్కొక్క రాయి తీసి, "ఇది ఎవరిది? ఏంటిది?" అని అడగాలి. రాయి ఎవరిదో వాళ్లు రెండు నిమిషాల్లో చెప్పాలి. ఒక తాతగారి రాయి మీద 96 అని ఉంది. మా పిల్లలు అది క్రికెట్ స్కోరు అనుకున్నారు. ఆయన 1996 నవంబర్ తుఫాను గురించి చెప్పారు. రాత్రంతా గాలికి కొబ్బరిచెట్లు విరిగి పడుతున్న చప్పుడు, తెల్లారి లేచి చూస్తే ఊళ్లో దారి ఏదో తెలియకపోవడం. అది జరిగేటప్పటికి నేను పుట్టలేదు. కోనసీమలో పుట్టి పెరిగి, ఆ రాత్రి గురించి ఒక మనిషి నోట వినడం నాకు అదే మొదటిసారి. బయట బండ్ల మీద కూర్చునే అబ్బాయిలు కూడా లోపలికొచ్చి నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు.

ఒక జాగ్రత్త. అందరికీ బయటికి చెప్పుకోగలిగే సంగతే ఉండదు. చెప్పడం ఇష్టం లేనివాళ్లు రాయి పెట్టి ఊరుకోవచ్చని ముందే చెప్పండి. బలవంతం చేయొద్దు.

మూడోది, వెదురు నక్షత్రం. క్రిస్మస్‌కి ప్లాస్టిక్ స్టార్ కొనడం సులువే. కానీ వెదురుతో చేస్తే నాలుగు వయసుల వాళ్లకి పని దొరుకుతుంది. మూడడుగుల బద్దలు 10 కావాలి. ఐదు బద్దలతో ఒక నక్షత్రం, అంటే పలక మీద చేయి ఎత్తకుండా చుక్క గీస్తాం చూడండి, అదే ఆకారం. ఇలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ దారంతో కట్టేయండి. ఇప్పుడు లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల, రెండు నక్షత్రాల మధ్య 15 సెంటీమీటర్ల పుల్లలు నిలబెట్టి కట్టండి. మధ్యలో ఉబ్బుతుంది. దాని మీద పల్చటి రంగు కాగితం అంటించాలి. మైదా ఉడికించిన బంక చాలు. ఒక వైపు చిన్న కిటికీ వదిలి లోపల ఎల్ఈడీ బల్బు పెట్టండి. కొవ్వొత్తి వద్దు, పాతకాలం వేడెక్కే బల్బు కూడా వద్దు, కాగితం అంటుకుంటుంది.

వెదురు చీల్చడం తాతగార్ల పని. కట్టడం నాన్నల పని. అంటించడం పిల్లల పని. వైరు, బల్బు, నిచ్చెన ఎక్కి కట్టడం మన యూత్ పని. మీకో సంగతి తెలుసా, ప్రపంచమంతా ఫేమస్ అయిన మొరేవియన్ నక్షత్రం కూడా 1830ల్లో జర్మనీలో నీస్కీ అనే ఊళ్లో, బడి పిల్లలకి జామెట్రీ నేర్పడానికి చేయించిందే. కాబట్టి కోణాలు కొలిచే పని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి అప్పగించండి.

నాలుగోది, బొంత. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్లు పేతురు దగ్గరికి ఏం పట్టుకొచ్చారు? ఆవిడ కుట్టిన బట్టలు. ఏడుస్తూ అవే చూపించారు. ఆవిడ గురించి వాళ్ల దగ్గరున్న సాక్ష్యం ఆ కుట్లే.

ఇంటికొక పాత చీర ముక్కో, పంచె ముక్కో తెమ్మనండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు చతురస్రాలుగా కత్తిరిస్తే 24 ముక్కలకి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బొంత వస్తుంది. కుట్టుకి పోయే అంచు కోసం చుట్టూ అర అంగుళం ఎక్కువ కత్తిరించండి. ముక్కలు ఏ వరసలో పెట్టాలో చిన్నపిల్లలు నేల మీద పరిచి తేలుస్తారు. ముక్కలు జోడించడం మిషన్ ఉన్న అక్కలు చేస్తారు. కింద రెండు మూడు పాత చీరలు వేసి, అంతటా చేతికుట్టు వేయాలి. ఇక్కడ ప్రతి ఒక్కరూ కనీసం పది కుట్లు వేయాలని రూల్ పెట్టాం. పాస్టర్ గారితో సహా. ఆయన కుట్లు వంకర. ఇప్పటికీ కనిపిస్తాయి! సూదులు మాత్రం లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. ఒక్కటి తగ్గినా చాపలు దులిపే దాకా పిల్లల్ని అక్కడ ఆడుకోనివ్వొద్దు. పూర్తయ్యాక ఆ బొంత మన దగ్గర ఉంచుకోకూడదు. ఊళ్లో అవసరమున్న ఇంటికి ఇవ్వాలి. వాళ్లు ఏ మతం, ఏ కులం అని చూడకూడదు. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీయకూడదు.

మరి టైమ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి? మేం గంటన్నర పెట్టుకుంటాం. మొదటి 10 నిమిషాలు మంచినీళ్లు, మజ్జిగ, పలకరింపులు. 40 నిమిషాలు చేతిపని. 15 నిమిషాలు ఆరాధన, అంటే ఒక పాట, ఆ రోజు కథ, చిన్న ప్రార్థన. మిగతా 25 నిమిషాలు భోజనం. పులిహోర, పెరుగన్నం చాలు. ఒక రోజుకి ఒకే కథ, ఒకే పని. నాలుగూ ఒకే రోజు పెడితే సంత అవుతుంది. బల్లలు వద్దు, చాపలు వేయండి. కింద కూర్చోలేని వాళ్లకి కుర్చీ చాప అంచునే వేయండి, గోడ పక్కన కాదు. చాపకి ఏడెనిమిది మంది, అందులో ఒక పెద్దవాళ్లు, ఇద్దరు ముగ్గురు పిల్లలు తప్పకుండా ఉండాలి. నేర్పేది వీలైనంత వరకు మనం కాకుండా చూసుకోవాలి. యూత్ పని సామాను అందించడం, తర్వాత ఊడ్చడం.

ఫోన్ సంగతి. ఫోన్ వద్దని నేను చెప్పను, నేనే ఫోన్‌లో మాట్లాడుతున్నాను కదా. కానీ ఒక మంచి పనికి వాడండి. పెద్దవాళ్లు పని చేస్తున్నప్పుడు వాళ్లని అడిగి, వాళ్ల చేతుల్ని మాత్రం దగ్గరగా వీడియో తీయండి. మొహం అక్కర్లేదు. వాళ్లు చెప్పే మాటలు రికార్డ్ అవనివ్వండి. పిల్లల మొహాలున్న ఫోటోలు అమ్మానాన్నలు ఒప్పుకోకుండా ఎక్కడా పెట్టొద్దు, స్టేటస్‌లో కూడా.

ఆ వీడియోలు ఎందుకంటున్నానంటే, ఈ ఏడాది అమ్మమ్మ చేతులు వణుకుతున్నాయి. మొన్న మట్టల ఆదివారానికి చుట్టు బిగించలేకపోయింది. పక్క వీధిలో పదేళ్ల పాప ఒకతి ఉంది, మొదటి ఏడాది మా అరుగు మీదికి వచ్చిన పిల్లల్లో చిన్నది. ఇప్పుడు అది కడుతుంటే అమ్మమ్మ పక్కన కూర్చుని, "ఇంకో చుట్టు తిప్పు. ఆఁ, ఇప్పుడు లాగు" అంటోంది. ఆ పాప కింద ఇంకో ఇద్దరు నేర్చుకుంటున్నారు.

పాత మట్టల సిలువల్ని మర్నాటి ఏడు భస్మ బుధవారానికి బూడిద చేసే అలవాటు చాలా సంఘాల్లో ఉంది. మేం కూడా అన్నీ తిరిగి తీసుకుంటాం. అమ్మమ్మ ఆ రోజు నా చేతిలో పెట్టిన మొదటి సిలువ మాత్రం నేను ఇవ్వలేదు. నా బైబిల్లో ఉంది. దాని పక్కనే ఆ గొర్రెపిల్ల కాగితం కూడా ఉంది, అవే నాలుగు మడతలతో. మళ్లీ ఏదైనా ప్రోగ్రామ్ ప్లాన్ చేసేటప్పుడు ముందు అది తెరిచి చూసుకుంటాను.

మీకు ఈ వారం ఒకటే పని. సామాన్లేమీ కొనకండి. ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలో వెనక కూర్చునే ఒక మామ్మ దగ్గరికో తాతగారి దగ్గరికో వెళ్లి, "చిన్నప్పుడు మీరు చేతులతో ఏం చేసేవాళ్లండీ?" అని అడగండి. ఏం చెప్తారో వినండి. మీ మొదటి ప్రోగ్రామ్ అక్కడే దొరుకుతుంది.